రెండు కొలలకు రెండు కొసర్లు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో, నన్ను ఎత్తిపోతల పంపుహౌస్ నుంచి నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున ఉన్న పడవల వర్క్‌షాపుకు చార్జిమన్‌గా బదిలీ చేశారు. చార్జిమన్ అంటే ఫిట్టర్లకు పైన, ఫోర్‌మన్‌కు కింద. పని చేయించాలి, అవసరమైతే తానే చేయాలి, చెడితే మాట పడాలి. అప్పటికి నా సర్వీసులో ఇరవై ఆరేళ్లు పెద్ద పెద్ద నిలువు పంపులతోనే గడిచాయి. బేరింగు చప్పుడు విని దాని ఆయుష్షు చెప్పగలనని నాకు పేరుండేది. ఆ పేరును నేనే కొంత ప్రచారం చేసుకున్నాను కూడా. పడవ మోటారును మాత్రం అంతకుముందు చేత్తో ముట్టుకోలేదు.

పడవ వెనక చెక్కకు బిగించి, చేతి పిడితో తిప్పే మోటారును అవుట్‌బోర్డు అంటారు. మా దగ్గర నలభై గుర్రాల శక్తి గలవి రెండు ఉండేవి. రెండూ టూ స్ట్రోకువే. పంపుహౌస్‌లోని ఇంజిన్లకు ఆయిల్ నిలవ ఉండే గది కింద వేరుగా ఉంటుంది. టూ స్ట్రోకు మోటారుకు అది ఉండదు. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోయాలి. పెట్రోలు కాలుతుంది, దాంతోపాటు వచ్చిన ఆయిల్ పిస్టన్‌కూ బేరింగులకూ పూత వేసి కొంత తానూ కాలి పొగై పోతుంది. కంపెనీ పుస్తకంలో యాభైకి ఒకటి అని రాసి ఉంది. అంటే యాభై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. మా ట్యాంకు ఇరవై నాలుగు లీటర్లది కనుక దానికి అర లీటరుకు కాస్త తక్కువ. పావు లీటరు కొలపాత్రతో రెండుసార్లు పోస్తే సరిపోతుందని నాకన్నా ముందున్నవాళ్లు గోడ మీద రంగుతో రాయించారు.

ఆ కలిపే పని నర్సమ్మది. ఇంధనం గదికి ఆమె అటెండరు, ఔట్‌సోర్సింగ్ మనిషి. పుట్టిల్లు హాలియా. అక్కడి సంతబజారులో ఆమె నాయినకు విడి నూనెల దుకాణం ఉండేదట. భర్త మేస్త్రీ పని చేస్తూ పరంజా మీద నుంచి పడి నడుము పోగొట్టుకున్నాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, పనిలో శుభ్రం. ఆమె గదిలో నేల మీద ఒక్క చుక్క ఆయిల్ కనబడేది కాదు. నేను వెళ్లిన కొత్తలో అది చూసి, ఈ గది గురించి నేను ఆలోచించాల్సింది ఏమీ లేదని తేల్చుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

మొదటి ఏడాది నుంచే రెండు మోటార్లలోనూ ఒక చిక్కు. స్పార్కు ప్లగ్గులు తడిసి నల్లబడేవి. యాత్రికులను మెల్లగా తిప్పి తెచ్చాక మళ్లీ స్టార్టు చేయబోతే మోటారు దగ్గేది, ఆగేది. సరంగు సైదులు ప్లగ్గు విప్పి, తుడిచి, ఎండలో పెట్టి మళ్లీ బిగించేవాడు. సరంగు అంటే పడవ నడపడానికి లైసెన్సు ఉన్న డ్రైవరు. సైదులుది ఒడ్డున ఉన్న తండా పక్క ఊరు. నీటి మీద ముప్పై ఏళ్ల అనుభవం. నేను పిస్టన్ రింగులు అరిగిపోయాయనుకున్నాను. మోటారు పాతబడింది, రింగులు అరిగాయి, ఆయిల్ కాలక మిగులుతోంది అని పంపుహౌస్ తెలివితో లెక్క కట్టాను. ఆయిల్ డ్రమ్ము కూడా తొందరగా ఖాళీ అవుతుంటే దాని కుళాయి కారుతోందనుకుని వాషరు మార్చాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది కాని, అప్పుడు ఆ వాషరు మార్చి చేతులు తుడుచుకున్నప్పుడు నా మొహంలో ఎంత గర్వముందో నాకే గుర్తుంది.

చివరికి నేను చేసిన మందు ఏమిటంటే ప్లగ్గుల రకం మార్చడం. ప్లగ్గుల్లో చల్లవి, వేడివి అని ఉంటాయి. వేడి ప్లగ్గు తన మొనను ఎక్కువ వేడిగా ఉంచుకుని, మీద పడిన ఆయిల్‌ను తానే కాల్చేసుకుంటుంది. పుస్తకంలో చెప్పిన రకం తీసేసి ఒక మెట్టు వేడిది తెప్పించి వేశాను. చిక్కు పోయింది. సైదులు సంతోషించాడు. "సారు చెయ్యి వడ్డంక మోటర్ దగ్గుడు బంద్ వెట్టింది," అని ఒడ్డున అందరికీ చెప్పాడు. నేను వద్దనలేదు.

మూడో ఏడాది జలాశయం నిండుగా ఉన్న చలికాలంలో, వేర్వేరు రేవుల పడవ జట్లకు ఒక పందెం పెట్టారు. ఎవరు ముందు గీత దాటారన్నది కాదు. నీటి మీద మూడు తేలుడు డ్రమ్ములు కట్టి, వాటి చుట్టూ రెండున్నర గంటలపాటు ఆపకుండా తిరగాలి. ఎక్కువ చుట్లు తిరిగిన పడవ గెలుస్తుంది. మేము దాన్ని నిలకడ పందెం అనేవాళ్లం. మా రేవు నుంచి సైదులు పడవ. మోటారు సిద్ధం చేసే బాధ్యత నాది. మా ఏఈ గారు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వయసులో నాకన్నా చిన్న. మితభాషి. పందెం గెలవకపోయినా ఫరవాలేదు, మోటారు మాత్రం పూర్తి సమయం తిరగాలని, మిగతా రేవుల ముందు ఆగిపోతే బాగుండదని అన్నారు.

పది రోజులు నేను ఇంటికి అన్నానికి మాత్రమే వెళ్లాను. ఆ పని ఎంత ఇష్టంగా చేశానో చెప్పకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. మోటారును చెక్క మీద ఒక వేలు మందం పైకి జరిపాను. ఎంత పైకుంటే నీటిలో ఈడ్పు అంత తగ్గుతుంది. మరీ పైకి పోతే నీటిని వెనక్కి నెట్టే పంకా గాలిని పీల్చి నీటిని వదిలేస్తుంది, చప్పుడు తప్ప పరుగు ఉండదు. ఆ పట్టు దొరికేదాకా సైదులూ నేనూ పొద్దున్నే నీరు కదలని వేళ ఆరుసార్లు బోల్టులు విప్పి బిగించాం. పంకా రెక్కల ఏటవాలు తగ్గినది ఒకటి, పెరిగినది ఒకటి వేసి చూసి, మోటారు రొప్పకుండా తిరిగే దాన్ని ఉంచాం. చల్లబరిచే నీటిని తోడే రబ్బరు చక్రం కొత్తది వేశాను. కింది గేరుపెట్టెలో ఆయిల్ మార్చాను. ఈ పెట్టెకు ఆయిల్ పై నుంచి పోయకూడదు. కింది రంధ్రం నుంచి ఎక్కించి, పై రంధ్రంలో పొంగి వచ్చేదాకా నింపాలి. లేకపోతే లోపల గాలి చిక్కి గేర్లు ఎండిపోతాయి. పంపుల అలవాటు కొద్దీ మొదటి ఏడాది నేను పై నుంచే పోయబోతే సైదులు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆనాడు అతనికి తెలిసినదాన్ని వినే బుద్ధి నాకు ఉంది. ఇంధనం గదిలో ఉన్న మనిషి దగ్గర ఆ బుద్ధి ఏమైందో ఇప్పటికీ చెప్పలేను.

పందెం రోజు పొద్దున పెట్రోలు కలపడానికి నేనే వెళ్లాను. నల్లగొండలో ప్రయోగశాల సామాను అమ్మే దుకాణం నుంచి గీతలున్న గాజు గొట్టం ఒకటి తెప్పించి ఉంచాను. ఇంత పెద్ద పందానికి ఉజ్జాయింపు కొలత పనికిరాదని నా ఉద్దేశం. నర్సమ్మను పక్కకు జరగమని, మూడు ట్యాంకులకూ గీత మీద కన్ను పెట్టి కొలిచి పోశాను. ఒక్కోదానికి నాలుగు వందల ఎనభై మిల్లీలీటర్లు. చుక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఆమె చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూసింది.

"గింతేనా సారు?" అంది.

"లెక్క ప్రకారం గింతే," అన్నాను.

ఆమె ఇంకేదో అనబోయింది. నేను అప్పటికే ట్యాంకు మూత బిగిస్తున్నాను. బయట సైదులు పడవ ముక్కుకు నిమ్మకాయలు కడుతున్నాడు.

మొదటి గంట మా పడవ ఎవరికీ అందలేదు. ఒడ్డున ఉన్నవాళ్లు మా రేవు పేరు పెట్టి కేకలు వేస్తుంటే, ఏఈ గారు కూడా రెండుసార్లు నా వైపు చూసి తలాడించారు. గంటా పావు దాటాక చప్పుడులో తేడా వచ్చింది. చప్పుడు సన్నబడి, పదునెక్కింది. బేరింగు చప్పుడు విని ఆయుష్షు చెప్పగల నేను, మోటారు వేడెక్కి ఊపందుకుందనుకున్నాను. ఇంకో పది నిమిషాలకు దూరపు డ్రమ్ము దగ్గర మలుపు తిరుగుతూ పడవ ముక్కు ఒక్కసారిగా నీటిలోకి వంగింది. చప్పుడు ఆగిపోయింది. సైదులు తాడు లాగి చూశాడు. తాడు రాలేదు. మోటారు పట్టేసింది, అంటే పిస్టన్ సిలిండరుకు అతుక్కుపోయింది. వేరే పడవతో కట్టి లాక్కొచ్చారు. మిగతా పడవలు మా పక్కనుంచే చుట్లు తిరుగుతున్నాయి.

సైదులు దిగీ దిగగానే, "నాకు ఆవాజ్ తేడా కొట్టింది సారు. జర తగ్గిద్దామనుకున్న. మీరు తగ్గియ్యద్దన్నరని ఊకున్న," అన్నాడు. నిజమే, తగ్గించవద్దని చెప్పింది నేనే.

సిలిండరు మూత, అంటే హెడ్డు, విప్పి చూస్తే రెండు పిస్టన్లలో పైదాని తల మీద, సరిగ్గా ప్లగ్గు ఎదురుగా, లోహం కరిగి గుంట పడింది. పక్కల నిలువు గీతలు. ప్లగ్గు మొన తెల్లగా కాలి ఉంది. ఎక్కువ వేడి పుట్టిందన్నది స్పష్టం. ఎందుకు పుట్టిందన్నదే నాకు తెలియలేదు. మోటారు ఎత్తు సరి, నీటి చక్రం సరి, ఆయిల్ చుక్క తేడా లేదు.

మర్నాడు ఏఈ గారు సైదులునూ నర్సమ్మనూ నన్నూ ఆఫీసులోకి పిలిచారు. సైదులు జరిగింది చెప్పాడు. ఇంధనం ఎవరు కలిపారని అడిగితే నేనేనని, యాభైకి ఒకటి లెక్కన కొలిచి కలిపానని చెప్పాను. అప్పుడు నర్సమ్మ, ఎవరూ అడగకుండానే మాట్లాడింది.

"నేను కలిపితే గట్ల పట్టకపోవు సారు. నేను కొసరు ఏస్త."

ఏఈ గారికి మొదట అర్థం కాలేదు. కొసరేమిటని అడిగారు.

"కొలకు కొసరు సారు. ఒక కొల పోసినంక జర మీదికెల్లి పోస్త. రెండు కొలలకు రెండు కొసర్లు. కొసరు ఎయ్యకుంట నూనె ఇస్తే ఎవలన్న తీస్కుంటరా? మా నాయిన దుకాణంల గట్లనే నేర్పిండు. బండికి కూడ సల్లగుంటదని ఏస్త."

ఆమె అది తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పలేదు. తన పని ఎంత బాగా చేస్తుందో చెప్పుకుంది. తడిసిన ప్లగ్గులు, తొందరగా ఖాళీ అయిన డ్రమ్ము, నేను మార్చిన వాషరు, అన్నీ ఒక్కసారి నా మనసులో వరుసలోకి వచ్చాయి. రింగులు అరగలేదు. ఆయిల్ ఎక్కువ పడింది. ఆ ఎక్కువను కాల్చడానికి నేను వేడి ప్లగ్గు వేశాను. మెల్లగా తిరిగే యాత్రికుల పడవకు అది చెల్లింది. పందెం రోజు నేను ఆయిల్ తగ్గించి, ప్లగ్గు అలాగే ఉంచి, గంటన్నర పూర్తి వేగం మీద తిప్పించాను. మొన నిప్పుకణికలా ఎర్రబడి, స్పార్కు రాకముందే పెట్రోలును అంటించింది. పుస్తకంలోని ప్లగ్గు ఉంటే తట్టుకునేది. నర్సమ్మ ఆయిల్ ఉన్నా బహుశా తట్టుకునేది. రెండింటినీ విడదీసింది నేను.

ఏఈ గారు వేరే దారిలో ఆలోచించారు. ఇన్నేళ్లుగా గోడ మీద రాసిన కొలత పాటించలేదంటే మోటార్లు చెడుతున్నది ఈమె వల్లనే అన్నారు. నా సాంకేతిక నివేదిక రాగానే, ఈమెను తీసేసి వేరే మనిషిని పంపమని ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీకి రాస్తానన్నారు. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. పైగా లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించింది. ఆ మాట దాచి ఈ సంగతి రాయడంలో అర్థం లేదు కనుక రాస్తున్నాను. ఫోర్‌మన్ పదోన్నతి జాబితా రావలసిన రోజులవి. అందులో నా పేరు ఉంటుందని అందరికీ తెలుసు.

సాయంత్రం నర్సమ్మ వర్క్‌షాపు గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రాలేదు.

"నన్ను తీసేస్తరా సారు?"

"రిపోర్టు చూసినంక చెప్తరు," అన్నాను.

"రిపోర్టు ఎవలు రాస్తరు?"

"నేనే."

"అయితె సరే తీ," అని వెళ్లిపోయింది.

ఆమె నన్ను నమ్మి ఆ మాట అందో, నా దగ్గర ఇక అడగవలసింది లేదని అందో నాకు తెలియదు. రెండోదే అయితే నన్ను బాగా చదివినట్టు. ఎందుకంటే అప్పటికే నా సొరుగులో ఒక ముసాయిదా ఉంది. "ఇంధన మిశ్రమంలో నిర్ణీత నిష్పత్తి దీర్ఘకాలంగా పాటించబడలేదని గమనించడమైనది. తత్ఫలితంగా స్పార్కు ప్లగ్గులు మార్చవలసి వచ్చినది. పోటీ సమయంలో పిస్టన్ దెబ్బతినుట జరిగినది." మా ఏఈ గారు నివేదికలు తెలుగులోనే రాయమనేవారు. మా ఆఫీసు తెలుగుకు ఉన్న సౌకర్యం ఇదే. ఆ మూడు వాక్యాల్లో ఒక్క అబద్ధం లేదు. మనిషి కూడా లేడు. కాని చదివినవాడు మనిషి కోసం వెతికితే ఇంధనం గది తలుపు దగ్గరే ఆగుతాడు.

మరుసటి రోజు పొద్దున ఇంధనం గదికి వెళ్లి, రోజూ ఎలా పోస్తావో అలాగే పోయమని ఆమెను అడిగాను. ట్యాంకు బదులు ఖాళీ డబ్బా పెట్టాను. ఆమె కొల నింపింది, వంచింది, మళ్లీ ముంచి సగం కొల కొసరు వేసింది. రెండో కొలకూ అంతే. డబ్బాలోది నా గాజు గొట్టంలో కొలిచాను. మూడు పావులు, అంటే ముప్పై రెండుకు ఒకటి. మళ్లీ పోయమన్నాను. పదిసార్లు పోయించాను. పదిసార్లూ దాదాపు అదే గీత. అంచనాగా చేస్తోందనుకున్న మనిషి ఏళ్ల తరబడి ఒకే కొలత పోస్తోంది. అది ఎంతో నేను ఎన్నడూ అడగలేదు, అంతే.

"ఇన్నిసార్లు ఎందుకు సారు?" అని విసుక్కుంది.

"నా కోసమే," అన్నాను.

ముసాయిదా చింపేశాను. కొత్తది రాయడం తేలిక కాలేదు. మూడు కాగితాలు పాడయ్యాయి. చేయి మళ్లీ మళ్లీ "జరిగినది" వైపే పోయింది. చివరికి రాసింది ఇది: "నర్సమ్మ ఆయిల్ ఎక్కువ పోస్తున్నది. మూడేళ్లలో నేను ఒక్కసారి కూడా కొలిచి చూడలేదు. ప్లగ్గులు ఎందుకు తడుస్తున్నాయో కనుక్కోకుండా నేను వేడి ప్లగ్గులు వేశాను. పందెం రోజు నేను ఆయిల్ తగ్గించాను, ప్లగ్గులు మార్చలేదు. వేగం తగ్గించవద్దని సరంగుకు నేను చెప్పాను. మోటారు చెడిపోవడానికి కారణం నేను."

ఏఈ గారు రెండుసార్లు చదివారు. పదోన్నతి జాబితా సంగతి నాకు గుర్తుందా అని అడిగారు. గుర్తుందన్నాను. కావాలంటే మాటలు కొంచెం మార్చి ఇవ్వవచ్చన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. మార్చిందే ఇదని చెప్పాను. ఆయన సంతకం పెట్టారు. నాకు మెమో వచ్చింది, సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. ఫోర్‌మన్ పోస్టు నాకన్నా రెండేళ్లు చిన్నవాడికి వెళ్లింది. మంచి పని చేశానన్న తృప్తి ఏమీ కలగలేదు. కడుపు మండింది.

ఏజెన్సీకి ఉత్తరం వెళ్లలేదు. నర్సమ్మ ఉద్యోగం నిలిచింది. మోటారుకు కొత్త పిస్టన్ వేసి, రెండింటికీ పుస్తకంలోని ప్లగ్గులు బిగించి, ఆయిల్ ఇకమీద గోడ మీద రాసినంతే పోయాలని ఆమెకు చెప్పాను. అది ఆమెకు నచ్చలేదు. "ఒక్క జరంత కూడ వద్దా?" అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దో ప్లగ్గు చేతిలో పెట్టి, తడిసినదీ కాలినదీ పక్కపక్కన చూపించి చెప్పాను. మూడేళ్ల కింద చెప్పవలసిన పాఠం అది. ఆ తరవాత ఆమె పోసిన ట్యాంకును నేను అప్పుడప్పుడు కొలిచేవాణ్ని. ఒక్కసారీ తేడా రాలేదు. ప్లగ్గులు మళ్లీ తడవలేదు.

నేను చార్జిమన్‌గానే రిటైరయ్యాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లు అడిగితే రెండు విషయాలు చెబుతాను. నడుస్తున్న మోటారులో ఒక తప్పు కొలతను సరిదిద్దే ముందు, ఆ తప్పుకు తగ్గట్టు ఇంకేం మార్చి ఉంచారో వెతకండి. అది మార్చింది మీరే కావచ్చు. రోజూ దాన్ని పోసే మనిషిని, తుడిచే మనిషిని అడగండి. గోడ మీద రాసింది ఒకటైతే ట్యాంకులో పడేది ఇంకొకటి కావచ్చు. రెండోది నివేదిక గురించి. ముప్పై మూడేళ్లలో నేను చాలా నివేదికలు రాశాను. యంత్రాలు ఆగాయి, పగిలాయి, కాలిపోయాయి, అన్నీ "జరిగినవి". కర్త ఉన్నది ఆ ఒక్కదానిలోనే.